దాచిన ప్రశ్నకు ఇచ్చిన జవాబు ఎక్కడికి పోతుంది?

కాగితపు దరఖాస్తుల మీద తరచుగా కనిపించే మాట ఒకటి ఉంది: ‘వర్తించని వాటిని కొట్టివేయండి’. చూడటానికి చిన్న సూచనే అయినా, ఫారం తయారుచేసినవారు చేయవలసిన పనిని అది నింపేవారి నెత్తిన పెడుతుంది. ఏ ప్రశ్న ఎవరికి వర్తిస్తుందో ఫారం రాసిన కార్యాలయానికి తెలుసు. నింపుతున్న మనిషికి తెలియకపోవచ్చు. ‘6వ ప్రశ్నకు జవాబు అవును అయితే 7 నుంచి 11 వరకు పూరించండి, కాదు అయితే 12వ ప్రశ్నకు వెళ్లండి’ అన్న సూచనను పాటించాలంటే ఫారం మొత్తాన్ని ఒకసారి చదివి గుర్తుంచుకోవాలి. పోస్టాఫీసుల దగ్గరా, తహసీల్దారు కార్యాలయాల దగ్గరా ఫారాలు నింపిపెట్టేవారికి గిరాకీ ఉండటానికి అక్షరాలు రాకపోవడం ఒక్కటే కారణం కాదు, ఇలాంటి వాక్యాలు కూడా కారణమే. ఆన్‌లైన్ ఫారంలో షరతులు పెట్టడమంటే ఆ భారాన్ని తిరిగి ఫారానికే అప్పగించడం. ముందు ఇచ్చిన జవాబును బట్టి తర్వాత ఏ ప్రశ్న కనిపించాలో, ఏది తప్పనిసరి కావాలో, ఏది అసలు రాకూడదో ఫారమే తేల్చుకుంటుంది.

బెంగళూరులో మారతహళ్లి, బెళ్లందూరు, వైట్‌ఫీల్డ్ ప్రాంతాల్లో తెలుగువారు నడిపే పీజీలు, అంటే పేయింగ్ గెస్ట్ వసతి గృహాలు, చాలా ఉన్నాయి. అలాంటి ఒక పీజీలో చేరడానికి ఆన్‌లైన్ ఫారం తయారుచేయాలని అనుకుందాం. పేరు, ఫోను నంబరు, గదిలో ఎంతమంది ఉండాలన్నవి అందరినీ అడగవలసినవి. విద్యార్థి అయితే కాలేజీ పేరు, తల్లిదండ్రుల ఫోను నంబరు కావాలి. ఉద్యోగి అయితే సంస్థ పేరు, ఐడీ కార్డు, రాత్రి షిఫ్టు ఉంటుందా లేదా అన్నది కావాలి. రాత్రి షిఫ్టు ఉన్నవారిని మాత్రమే ఉదయం టిఫిన్ ఏ వేళకు కావాలని అడగాలి. బండి ఉన్నవారినే రిజిస్ట్రేషన్ నంబరు అడగాలి. కాగితం మీద ఇవన్నీ ఒకే పేజీలో కిక్కిరిసి ఉంటాయి. షరతులతో నడిచే ఫారంలో ఒక్కొక్కరికి తమకు సంబంధించినవే కనిపిస్తాయి.

ఈ పని రెండు విధాలుగా జరుగుతుంది. మొదటిది దారి మళ్లించడం: ఒక జవాబును బట్టి ఫలానా విభాగానికి పంపడం. గూగుల్ ఫారమ్స్‌లో ఉన్నది ఇదే. ఒకే జవాబు ఎంచుకునే ప్రశ్నకుగానీ, డ్రాప్‌డౌన్ ప్రశ్నకుగానీ ‘జవాబును బట్టి ఈ విభాగానికి వెళ్లు’ అని అక్కడ చెప్పవచ్చు. ఒకటికి మించి జవాబులు ఎంచుకునే చెక్‌బాక్స్ ప్రశ్నకు ఆ వీలు లేదు. రెండోది అదే పేజీలో ప్రశ్నను తెరవడం: ‘బండి ఉంది’ అనగానే దాని కిందే నంబరు గడి ప్రత్యక్షం కావడం. ఊళ్లలో సర్వేలకు ఎక్కువగా వాడే ఓడీకే, కోబో వంటి సాఫ్ట్‌వేర్లలో ప్రశ్నలను ఎక్సెల్ షీటులో రాస్తారు; అందులో ప్రతి ప్రశ్న పక్కన ‘రెలెవెంట్’ అనే ఒక కాలమ్ ఉంటుంది. అందులో రాసిన షరతు నిజమైతేనే ఆ ప్రశ్న వర్తిస్తుంది. ఆ ‘రెలెవెంట్’ అన్న భావన ఎక్స్‌ఫారమ్స్ ప్రమాణం నుంచి వచ్చింది. దాన్ని వెబ్ ప్రమాణాలను రూపొందించే డబ్ల్యూ3సీ 2003లో ప్రకటించింది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో 2008లో మొదలైన ఓడీకే దాని మీదే కట్టుకుంది. మామూలు వెబ్ పేజీలకు ఆ ప్రమాణం ఎక్కలేదు. వెబ్ పేజీలను రాసే భాష హెచ్‌టీఎంఎల్‌లోని ఫారాలకు 1995 నాటి రెండో వెర్షన్ నుంచి గడులు, బటన్లు ఉన్నాయిగానీ ‘ఇలా అయితే ఇది చూపు’ అని చెప్పే గుణం ఈనాటికీ లేదు. ఆ పనిని చాలావరకు బ్రౌజర్‌లో నడిచే ప్రోగ్రామింగ్ భాష జావాస్క్రిప్ట్ చేయాలి, లేదా ఫారాలు తయారుచేసే ఉపకరణం చేయాలి.

ఉపకరణం ఏదైనా, అసలు కష్టం దానిలో ఉండదు. నియమాన్ని సరిగ్గా చెప్పుకోవడంలో ఉంటుంది. బెంగళూరులోని తెలుగు కుటుంబాలకు బాగా పరిచయమైన నియమం ఒకటి తీసుకుంటే ఇది తెలుస్తుంది. కర్ణాటక ఎగ్జామినేషన్స్ అథారిటీ నిర్వహించే ఉమ్మడి ప్రవేశ పరీక్ష కేసీఈటీ ద్వారా ప్రభుత్వ కోటా సీటుకు పోటీపడాలంటే అర్హత క్లాజుల్లో ఏదో ఒకటి వర్తించాలి. వాటిలో మొదటిదైన ‘ఎ’ క్లాజు సారం ఇది: ఒకటో తరగతి నుంచి పన్నెండు వరకు ఉన్న చదువులో కనీసం 7 విద్యా సంవత్సరాలు కర్ణాటకలో చదివి ఉండాలి, పదో తరగతిగానీ పన్నెండో తరగతిగానీ కర్ణాటకలోనే పాసై ఉండాలి. రక్షణ దళాల్లో పనిచేసేవారి పిల్లలకూ మరికొందరికీ వేరే క్లాజులు ఉన్నాయి. ఏ సంవత్సరానికి ఆ సంవత్సరం వెలువడే సమాచార పుస్తకమే ప్రమాణం. పదో తరగతి వరకు బెంగళూరులో చదివి, ఇంటర్మీడియట్ కోసం విజయవాడ వెళ్లిన పిల్లవాడికి ఈ క్లాజు వర్తిస్తుంది. ఏడో తరగతి వరకు ఇక్కడే చదివి, ఎనిమిది నుంచి పన్నెండు వరకు హైదరాబాదులో చదివిన అమ్మాయికి ఏడేళ్లూ నిండినా ఇది వర్తించదు.

ఈ నియమాన్ని ఫారంలో పెట్టేటప్పుడు ‘ఏడేళ్లు మరియు పది లేదా పన్నెండు’ అని బ్రాకెట్లు లేకుండా రాస్తే ఏమవుతుందో చూడాలి. జావాస్క్రిప్ట్‌లోనూ, ఇతర ప్రోగ్రామింగ్ భాషల్లో చాలావాటిలోనూ ‘మరియు’ ముందు బిగుస్తుంది, ‘లేదా’ తర్వాత వస్తుంది. అందువల్ల కంప్యూటరు దాన్ని ‘ఏడేళ్లు, పది రెండూ ఉండాలి; లేదా పన్నెండు ఒక్కటి ఉన్నా చాలు’ అని చదువుకుంటుంది. మూడు అంశాలకు అవును, కాదు అన్న రెండేసి జవాబులు వేసుకుంటే మొత్తం 8 సందర్భాలు వస్తాయి. సరైన నియమం ప్రకారం వాటిలో మూడింటికే అర్హత ఉంటుంది. బ్రాకెట్లు లేని నియమం ఐదింటికి అర్హత ఇచ్చేస్తుంది. అదనంగా లోపలికి వచ్చిన రెండూ ఏడేళ్లు నిండకుండా పన్నెండో తరగతి మాత్రం ఇక్కడ పాసైన సందర్భాలు. రెండేళ్ల చదువు కోసం బెంగళూరు వచ్చిన పిల్లలందరికీ ఆ ఫారం ‘మీరు అర్హులు’ అని చెబుతుంది, తర్వాత పత్రాల పరిశీలనలో కార్యాలయం కాదంటుంది. ఆ మాట నమ్మి వేరే రాష్ట్రంలో దరఖాస్తు పెట్టకుండా ఊరుకున్న కుటుంబానికి జరిగే నష్టం ఒక బ్రాకెట్ వల్ల జరిగిందని ఎవరికీ తెలియదు.

ఇక్కడ తెలుగు వాక్యమే దారి చూపుతుంది. తెలుగులో ఎవరూ సహజంగా ‘మరియు’, ‘లేదా’ పేర్చుకుంటూ మాట్లాడరు. ‘కనీసం ఏడేళ్లు ఇక్కడ చదివి ఉండి, పదో తరగతిగానీ పన్నెండో తరగతిగానీ ఇక్కడే పాసై ఉండాలి’ అంటారు. ‘గానీ, గానీ’ అన్న జంట ఆ రెండింటినీ ఒక గుంపుగా కట్టేస్తుంది. ‘ఉండి’ అన్న క్త్వార్థకం మొదటి షరతును మొత్తానికి కలుపుతుంది. బ్రాకెట్లు ఎక్కడ పడాలో వాక్యంలోనే ఉంది. షరతును ఉపకరణంలోకి ఎక్కించే ముందు దాన్ని మాట్లాడే తెలుగులో ఒక వాక్యంగా రాసుకుని, దానికి సందర్భాల పట్టిక వేసుకోవడం అందుకే మంచి పద్ధతి. ఫారం ఉపకరణాల్లో చాలావాటిలో ‘అన్నీ నిజమైతే’, ‘ఏదైనా ఒకటి నిజమైతే’ అన్న రెండే ఎంపికలు ఉంటాయి. గుంపు లోపల గుంపు పెట్టే వీలుండదు. అప్పుడు ‘పది, పన్నెండుల్లో ఏదో ఒకటి ఇక్కడ పాసయ్యారా’ అన్న ఫలితాన్ని కనిపించని ఒక లెక్క గడిలో ముందు తేల్చి, ఆ గడిని ఏడేళ్ల షరతుతో కలపాలి.

మరో మాట కూడా ఈ ఉదాహరణ చెబుతుంది. ‘మీకు ఎ క్లాజు వర్తిస్తుందా’ అని ఫారం అడిగితే మళ్లీ ‘వర్తించని వాటిని కొట్టివేయండి’ దగ్గరికే వచ్చినట్టు. ఏ తరగతి ఏ రాష్ట్రంలో చదివారో అడగాలి. ఎన్నేళ్లయ్యాయో, క్లాజు వర్తిస్తుందో లేదో ఫారం లెక్కకట్టాలి. తన చదువు ఎక్కడ సాగిందో ప్రతి విద్యార్థికీ తెలుసు. క్లాజును అర్థం చేసుకునే పని విద్యార్థిది కాకూడదు.

నియమం తర్వాత వచ్చే చిక్కు ఖాళీ గడి. తెలుగులో ‘లేదు’ వేరు, ‘చెప్పలేదు’ వేరు; ఈ తేడాను మరిచిపోయిన ఫారాలే ఎక్కువ. పీజీ ఫారంలో ‘ఉద్యోగి కాకపోతే కాలేజీ వివరాలు అడుగు’ అని షరతు రాస్తే, పేజీ తెరిచీ తెరవగానే, ఇంకా ఏదీ ఎంచుకోకముందే కాలేజీ గడులు కనిపిస్తాయి. ఏమీ చెప్పని మనిషి ఉద్యోగి కాదు గనుక షరతు నిజమైపోయింది. ‘విద్యార్థి అయితే అడుగు’ అని తిప్పి రాస్తే ఈ తప్పు జరగదు. వీలైనంతవరకు షరతులను ‘అయితే’ రూపంలో రాయాలి, ‘కాకపోతే’ రూపాన్ని తప్పించాలి. పైగా ఉద్యోగి కాకపోతే విద్యార్థే అయి ఉండాలన్న ఊహ బెంగళూరులో అసలే నిలవదు. చదువు పూర్తిచేసి, ఏదో ఒక కోర్సు నేర్చుకుంటూ ఉద్యోగం వెతుక్కోవడానికి వచ్చి పీజీల్లో ఉండే తెలుగు యువతీయువకులు ఎందరో ఉన్నారు. వారికి మూడో ఎంపిక పెట్టని ఫారం వారిచేత అబద్ధం చెప్పిస్తుంది. పైపెచ్చు సంస్థ పేరు గడిని తప్పనిసరి చేసి ఆ అబద్ధానికి ఒక పేరు కూడా కోరుతుంది.

ఖాళీని కంప్యూటరు భాషలన్నీ ఒకేలా చూడవు. జావాస్క్రిప్ట్‌లో ఖాళీ గడిని ‘ఉద్యోగి’ అన్న మాటతో పోల్చి ‘వేరా’ అని అడిగితే ‘అవును, వేరే’ అంటుంది. ఎస్‌క్యూఎల్ డేటాబేసులో విలువ లేని గడిని అదే ప్రశ్న అడిగితే అవుననీ అనదు, కాదనీ అనదు. ‘తెలియదు’ అన్న మూడో జవాబు ఇచ్చి ఆ వరుసను ఫలితాల్లోంచి తప్పిస్తుంది. అంటే ఒకే నియమాన్ని బ్రౌజర్‌లో ఒకసారి, డేటాబేసులో మరొకసారి రాస్తే రెండూ రెండు రకాలుగా తేలుస్తాయి. అంకెల దగ్గర ఇది ఇంకా ఇబ్బంది పెడుతుంది. ఖాళీ గడిని జావాస్క్రిప్ట్‌లో అంకెగా మారిస్తే 0 వస్తుంది. ‘కర్ణాటకలో ఎన్నేళ్లు చదివారు’ అన్న గడి ఇంకా నింపకముందే 0 అన్నది 7 కన్నా తక్కువ కనుక ‘మీకు అర్హత లేదు’ అన్న ఎర్ర అక్షరాలు కనిపిస్తాయి. పోనీ నింపుతున్నా, 10 అని కొట్టేవారు ముందు 1 కొడతారు; ఆ క్షణంలోనూ అదే సందేశం మెరిసి మాయమవుతుంది. ఖాళీని ఖాళీగానే గుర్తించి, గడి విడిచి ముందుకు వెళ్లిన తర్వాతే షరతును పరీక్షించాలి.

ఇక ఈ విషయంలో అన్నిటికన్నా ముఖ్యమైనది, తయారుచేసేవారు అన్నిటికన్నా తక్కువ ఆలోచించేది ఒకటుంది: మనిషి జవాబు మార్చుకున్నప్పుడు ఏం జరగాలన్నది. ఫారాన్ని పైనుంచి కిందికి ఒక్క తీరుగా నింపుతూ పోయేవారు తక్కువ. తప్పు నొక్కి సరిచేసుకుంటారు, వెనక్కి వెళతారు, ఆలోచన మార్చుకుంటారు. పీజీ ఫారంలో ఒకరు ఉద్యోగి అని చెప్పి, రాత్రి షిఫ్టు ‘అవును’ అని, టిఫిన్ వేళ కూడా ఎంచుకున్నాక, తాము ఇంకా ఇంటర్న్‌షిప్ చేస్తున్న విద్యార్థులమే కదా అని మొదటి జవాబు మార్చారు. రాత్రి షిఫ్టు ప్రశ్న తెర మీంచి పోయింది. కానీ దాని లోపలి ‘అవును’ చెరిగిపోకపోతే టిఫిన్ ప్రశ్న మాత్రం అలాగే నిలబడి ఉంటుంది, ఎందుకంటే దాని షరతు రాత్రి షిఫ్టును మాత్రమే చూస్తుంది. కనిపించని ప్రశ్నను జవాబు లేని ప్రశ్నగానే లెక్కించాలన్న నియమం లేకపోతే, మూడు నాలుగు అంచెల ఫారంలో ఇలాంటి తల్లి లేని పిల్ల ప్రశ్నలు అక్కడక్కడా మిగిలిపోతాయి. ప్రతి షరతు తనకన్నా ముందున్న ప్రశ్నలనే చూడాలన్నది కూడా ఇందుకే. రెండు ప్రశ్నలు ఒకదాని జవాబు కోసం మరొకటి కాచుకుంటే రెండూ ఎప్పటికీ తెరుచుకోవు.

ఇంతకన్నా బరువైన సందర్భం మరొకటి. ‘ఆరోగ్య సమస్యలు ఏమైనా ఉన్నాయా’ అన్న ప్రశ్నకు ఒక అమ్మాయి ‘ఉన్నాయి’ అని చెప్పి, కింద తెరుచుకున్న గడిలో తన జబ్బు గురించి రెండు వాక్యాలు రాసింది. తర్వాత, ఇది పీజీ యజమానికి ఎందుకులే అనుకుని ‘చెప్పదలచుకోలేదు’ అన్న ఎంపికకు మార్చింది. గడి మాయమైంది. తాను రాసింది వెనక్కి తీసుకున్నానని ఆమె అనుకుంటుంది. గడిని కేవలం కంటికి కనిపించకుండా చేసిన ఫారమైతే, సమర్పించు బటన్ నొక్కగానే ఆ రెండు వాక్యాలూ సర్వర్‌కు చేరిపోతాయి, ఎక్సెల్ షీటులో ఆమె పేరు పక్కన కూర్చుంటాయి. బ్రౌజర్ దృష్టిలో దాచిన గడి కూడా గడే. స్టైలుతో దాచినంత మాత్రాన దాని విలువ పంపడం ఆగదు. ఆ గడిని పేజీలోంచే తీసివేస్తేనో, నిలిపివేసిన గడిగా, అంటే డిజేబుల్డ్‌గా గుర్తిస్తేనో ఆగుతుంది. 2023 డిసెంబరులో ఫైర్‌ఫాక్స్ 121 రావడంతో, జావాస్క్రిప్ట్ లేకుండా, పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్‌ఎస్ ఒక్కదానితోనే ఒక గడి స్థితిని బట్టి పేజీలో ఎక్కడున్న మరో గడినైనా దాచే సదుపాయం ప్రధాన బ్రౌజర్లన్నిటికీ వచ్చింది. అది దాచడమే, పంపకుండా ఆపడం కాదు.

ఇది మర్యాదకు సంబంధించిన విషయమే కాదు, చట్టానికి సంబంధించినది కూడా. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 6వ సెక్షన్ ప్రకారం సమ్మతి అన్నది చెప్పిన ప్రయోజనానికి అవసరమైన సమాచారానికే పరిమితం. చట్టంలోనే ఒక ఉదాహరణ ఉంది: ఫోనులో వైద్య సలహా ఇచ్చే ఒక యాప్ కాంటాక్టుల జాబితాకు కూడా అనుమతి అడిగి, వాడేవారు సరేనన్నా, వైద్య సేవకు ఆ జాబితా అవసరం లేదు గనుక సమ్మతి దానికి వర్తించదు. సరేనన్నదానికే అంత పరిమితి ఉన్నప్పుడు, వద్దనుకుని మార్చుకున్న జవాబును దాచి తీసుకోవడాన్ని ఏ విధంగా సమర్థించగలరు? అదే చట్టం 18 ఏళ్లు నిండనివారి విషయంలో తల్లిదండ్రుల సమ్మతి కోరుతుంది. ఇంటర్ పూర్తవగానే వచ్చే పిల్లల్లో కొందరికి ఆ వయసు నిండదు. కాబట్టి పుట్టిన తేదీని బట్టి తెరుచుకునే విభాగం ఆ ఫారంలో తప్పక ఉండాలి. వయసును చేరే తేదీకి కాక ఫారం నింపే తేదీకి లెక్కకట్టాలన్నది కూడా ముందే తేల్చుకోవాలి, ఎందుకంటే సమాచారం ఇస్తున్నది ఆ రోజున.

మరి జవాబు మారగానే కింది గడులన్నీ వెంటనే చెరిపేయాలా? అదీ సరికాదు. చిన్న ఫోను తెర మీద వేలు జారి ‘ఉద్యోగి’ నొక్కిన విద్యార్థి, కాలేజీ వివరాలన్నీ పోగొట్టుకుని మళ్లీ మొదటినుంచి కొట్టుకోవాలి. మధ్యే మార్గమే న్యాయమైనది: పేజీ తెరిచి ఉన్నంతసేపు పాత జవాబులు ఆ మనిషి ఫోనులోనే ఉండాలి, షరతు తిరిగి నిజమైతే అవి మళ్లీ కనిపించాలి, సమర్పించే క్షణంలో మాత్రం వర్తించే ప్రశ్నల జవాబులే వెళ్లాలి. ఓడీకే కూడా ఫారాన్ని ఖరారు చేసేటప్పుడు వర్తించని ప్రశ్నల జవాబులను తీసివేస్తుంది. సర్వర్ కూడా అదే షరతులను తనంతట తాను మళ్లీ పరీక్షించి, రాకూడని జవాబు వస్తే పారవేయాలి. బ్రౌజర్‌లో జరిగేది సౌకర్యం కోసం మాత్రమే. దాన్ని దాటుకుని ఎవరైనా ఏదైనా పంపవచ్చు.

దాచిన గడితో మరో రకం ఇబ్బంది కూడా ఉంది. గడికి ‘తప్పనిసరి’ అన్న గుణం పెట్టి, దాన్ని దాచి, ఆ గుణాన్ని తీయడం మరిచిపోతే బ్రౌజర్ ఫారాన్ని పంపనివ్వదు. ఏ గడి నింపాలో చూపించబోతే ఆ గడి తెర మీద లేదు. క్రోమ్‌లో తప్పు వివరం డెవలపర్లు చూసే కన్సోల్‌లో పడుతుందిగానీ, నింపేవారికి ఏమీ కనిపించదు. ఎన్నిసార్లు నొక్కినా బటన్ పనిచేయదు. ఆఖరి తేదీ నాటి రాత్రి అలాంటి బటన్ ముందు కూర్చున్నవారికి నెట్ బాగాలేదేమో అనిపిస్తుంది. దాచడం, తప్పనిసరి గుణం తీయడం, పంపకుండా ఆపడం అన్న మూడూ ఎప్పుడూ కలిసే జరగాలి; వేర్వేరు చోట్ల రాస్తే ఏదో ఒకనాడు ఒకటి తప్పుతుంది.

బెంగళూరు వంటి ఊళ్లో ఫారాలు రెండు మూడు భాషల్లో ఉండటం సహజం. తెలుగులో ‘అవును’ అని కనిపించే ఎంపిక కన్నడంలో ‘హౌదు’ అవుతుంది. షరతును కనిపించే మాటతో ముడిపెడితే, భాష మార్చగానే ఏ ప్రశ్నా తెరుచుకోదు. ఎంపికకు లోపల మారని ఒక సంకేతం ఉండాలి, పైకి కనిపించే పేరు భాషను బట్టి మారాలి, షరతు సంకేతాన్నే చూడాలి. ఓడీకే వాడే ఎక్స్‌ఎల్‌ఎస్ ఫారంలో లోపలి సంకేతానికి (‘నేమ్’), పైకి కనిపించే లేబులుకు వేర్వేరు కాలమ్‌లు ఉన్నది ఇందుకే. బండి నంబరు గడిలోనూ ఇలాంటి జాగ్రత్తే అవసరం: తెలంగాణ కోడ్ 2024 మార్చిలో టీఎస్ నుంచి టీజీకి మారింది, పాత బండ్లు పాత నంబర్లతోనే తిరుగుతున్నాయి; కాబట్టి రెండింటినీ అంగీకరించాలి.

చూపు లేనివారు స్క్రీన్ రీడర్‌తో ఫారం నింపేటప్పుడు కొత్త ప్రశ్న తెరుచుకున్నట్టు వారికి తెలియాలి. అందుకు ఎక్కువ హంగు అక్కర్లేదు. కొత్త గడి ఎప్పుడూ దాన్ని తెరిచిన ప్రశ్న తర్వాతే రావాలి; ఇంతకుముందే దాటిపోయిన చోట, పైన ఎక్కడో తెరుచుకుంటే చూపు ఉన్నవారికే కనిపించదు. వెబ్ యాక్సెసిబిలిటీ మార్గదర్శకాల్లో 3.2.2 సంఖ్య గల నియమం, ముందుగా చెప్పకుండా ఒక గడిలో విలువ మార్చినంత మాత్రాన పేజీ సందర్భమే మారిపోకూడదంటుంది. కాబట్టి రేడియో బటన్ నొక్కగానే తనంతట తానే తర్వాతి పేజీకి దూకే ఫారం తప్పు. ‘తర్వాత’ అన్న బటన్ మనిషి చేతిలో ఉండాలి.

పరీక్షించడం దగ్గర లెక్క త్వరగా పెరిగిపోతుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని పది అవును-కాదు ప్రశ్నలకు 1,024 దారులు ఉంటాయి. అన్నీ నడిచి చూడటం ఎవరి వల్లా కాదు. ప్రతి షరతుకు విడిగా సందర్భాల పట్టిక వేసి, సరిహద్దుల దగ్గర, అంటే 6 ఏళ్లు, 7 ఏళ్లు, ఖాళీ అన్నచోట్ల, చూడటం సాధ్యమే. జవాబు ఇచ్చి మార్చడం, మార్చి మళ్లీ మొదటిదానికి రావడం అన్న రెండు కదలికలను ప్రతి షరతు దగ్గరా చేసి, చివరికి సర్వర్‌కు ఏం చేరిందో తెరిచి చూడాలి. తెర మీద సరిగ్గా కనిపించిందని తృప్తిపడితే పైన చెప్పిన తప్పుల్లో ముఖ్యమైనవి దొరకవు.

నియమాలు ఏటా మారే చోట ఇంకో జాగ్రత్త మిగిలి ఉంటుంది. సగం నింపి దాచుకున్న దరఖాస్తు, షరతులు మారిన తర్వాత తెరుచుకోవచ్చు. నిన్న వర్తించని ప్రశ్న ఇవాళ తప్పనిసరి కావచ్చు, నిన్నటి జవాబుకు ఇవాళ గడి లేకపోవచ్చు. అందుకని ప్రతి దరఖాస్తుతోపాటు అది ఏ తేదీ నాటి షరతులతో నింపినదో కూడా నమోదు చేయాలి. తిరిగి తెరిచినప్పుడు కొత్త షరతులతో మొత్తాన్ని మరోసారి పరీక్షించి, మారిన ప్రశ్నలు ఏవో పేజీ పైభాగంలో పేర్లతో సహా నింపేవారికి చూపాలి.